మనవాళ్ళ బంకు

నా భర్త విశ్వనాథం గారికి డెబ్బయ్యో ఏట పికప్ ట్రక్కు మీద మోజు పుట్టింది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ వంతెనలకు లెక్కలు కట్టిన ఇంజనీరు ఆయన. ఏది ఎంత బరువు మోయగలదో, ఎక్కడ విరుగుతుందో చూడగానే చెప్పగలిగిన మనిషి. అలాంటి మనిషి మే నెలలో ఒక శనివారం, కెనడాలో గ్వెల్ఫ్ అనే ఊళ్ళోని మా ఇంటి ముందుకు ఒక నల్లటి వాహనాన్ని తెచ్చి నిలిపారు. అది వచ్చాక వంటగది కిటికీలోంచి ఆకాశం కనిపించడం మానేసింది. ఇంట్లో ఉండేది మేమిద్దరం. మోయవలసిన బరువు మాకేదీ లేదు.

"సంఘానికి పనికొస్తుంది సుధా," అన్నారు. "పిక్నిక్ సామాన్లు, వినాయకుడి మంటపం... ప్రతి ఏడూ ఎవరినో ఒకరిని బతిమాలుకోవడమేనా?"

సంఘమంటే మా ఊరి తెలుగు సంఘం. దానికి ఆయన ఉపాధ్యక్షులు. ఉపాధ్యక్షుడికి చెయ్యడానికి పనేమీ ఉండదు కనుక, ఒక ట్రక్కు అవసరమైందని నేను అర్థం చేసుకున్నాను.

కార్ఖానా నుంచి వచ్చిన ట్రక్కు వచ్చినట్టుగా ఆయనకు చాలలేదు. మార్కమ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మేనల్లుడు అచ్యుత్‌ను పిలిపించారు. వారాంతాల్లో స్నేహితుల బండ్లకు ఇంజను ప్రోగ్రాములు మార్చి, వాటి వేగం పెంచడం అతని సరదా. ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, స్టీరింగు కింద వైరు గుచ్చి, మావయ్యకు ఎదురుగా విద్యార్థిలా కూర్చున్నాడు.

"ఫ్యాక్టరీ వాళ్ళు దీన్ని కావాలనే కట్టేసి ఉంచుతారు మావయ్యా. ట్యూన్ చేస్తే పవర్ ఈజీగా పెరుగుతుంది."

"ఇంజను పాడవదా?" అని అడిగాను.

"ఫ్యూయెల్ కరెక్ట్‌గా వేస్తే ఏం కాదత్తయ్యా. నా దగ్గర రెండు ఫైల్స్ ఉన్నాయి. ఒకటి రెగ్యులర్ పెట్రోలుకి, అంటే ఎనభై ఏడు ఆక్టేన్‌కి. పవర్ కొంచెమే పెరుగుతుంది, కానీ సేఫ్. రెండోది ప్రీమియంకి, తొంభై ఒకటికి. అది లోడ్ చేశాక మాత్రం ఎనభై ఏడు ఒక్క ట్యాంకు కూడా వెయ్యకూడదు. ట్రైలర్ లాగేటప్పుడు అస్సలు."

"రెండోదే పెట్టు," అన్నారు ఆయన. "తక్కువరకం పెట్టించుకోవడానికి నిన్ను మార్కమ్ నుంచి రప్పించానా?"

"కాదు మావయ్యా, ఇప్పుడు ప్రీమియంకీ రెగ్యులర్‌కీ లీటరుకి చాలా తేడా ఉంది. ఇంత ట్యాంకు, మీరు వారానికోసారి నింపాలంటే..."

"డబ్బు సంగతి నాకు చెబుతావుట్రా?" అని ఆయన నవ్వారు. ఆ నవ్వు నాకు తెలుసు. హోటల్లో బిల్లు వచ్చినప్పుడు అందరికన్నా ముందు చెయ్యి చాచి, అందరికన్నా ఆలస్యంగా పర్సు తీసే మనిషి నవ్వు అది.

నేను కాకినాడలోనూ ఇక్కడా రసాయనశాస్త్రం బోధించి రిటైరయ్యాను. కాబట్టి ఒక మాట కచ్చితంగా చెప్పగలను. ఆక్టేన్ అంకె బలానికి గుర్తు కాదు. రెగ్యులర్‌లో లేని శక్తి ఏదీ ప్రీమియంలో దాగి ఉండదు. ఆ అంకె చెప్పేది ఓర్పు గురించి. సిలిండరులో ఒత్తిడి పెరిగి, వేడి పెరిగి, స్పార్కు పడేదాకా తనంతట తాను భగ్గుమనకుండా ఆ ఇంధనం ఎంతవరకు ఆగగలదన్నదే దాని అర్థం. కంపెనీ పెట్టిన ప్రోగ్రాము అనుమానపు మనిషి వంటిది. పోసినది కొంచెం నాసి అని పసిగట్టగానే వెనక్కి తగ్గి ఇంజన్ను కాపాడుకుంటుంది. అచ్యుత్ పెట్టిన ప్రోగ్రాములో ఆ అనుమానం చాలావరకు తీసేశారు. అది యజమాని మాటను నమ్ముతుంది.

యజమానిని నలభై ఏళ్ళుగా ఎరిగినదాన్ని కనుక, నాకు భయం వేసింది.

పక్క ఊరు ఫెర్గస్ వెళ్ళే దారిలో ఒక పెట్రోలు బంకు ఉంది. దాన్ని మా వాళ్ళందరూ 'మనవాళ్ళ బంకు' అంటారు. భీమారావు గారు ఊళ్ళోని కారు విడిభాగాల ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసి, దాచుకున్నదంతా పెట్టి దాన్ని కొన్నారు. ఆయన పంపుల దగ్గరా, భార్య లక్ష్మమ్మ లోపల కౌంటరు దగ్గరా ఉంటారు. తెలుగువాళ్ళెవరు వచ్చినా లక్ష్మమ్మ ఫ్లాస్కులోంచి అల్లం టీ కాగితం కప్పులో పోసి ఇచ్చేది. దానికి డబ్బు తీసుకునేది కాదు. ఆ టీ కోసం ఊరి అవతలి నుంచి కూడా మన డాక్టర్లూ ప్రొఫెసర్లూ కార్లేసుకుని వచ్చి, మనవాణ్ణి మనమే నిలబెట్టుకోవాలని ఒకరికొకరు చెప్పుకునేవారు.

ఆ బంకులో ఒక్కో పంపుకు ఒకటే గొట్టం, మూడు మీటలు: ఎనభై ఏడు, ఎనభై తొమ్మిది, తొంభై ఒకటి. మీట నొక్కేటప్పుడు అటు తిరిగి నిలబడితే వెనకనున్నవాళ్ళకు కనపడదు. పక్క సీట్లో కూర్చున్న భార్యకు మాత్రం కనపడుతుంది.

జూన్ మొదట్లో నేను చూశాను. ఆయన ఎడమ చివరి మీట నొక్కి, ట్యాంకు నింపి, లోపలికి వెళ్ళి గొంతు పెంచి, "ఈ ట్రక్కు ప్రీమియం తప్ప ముట్టదయ్యా భీమారావ్! రాజుగారి గుర్రం!" అన్నారు.

"అంతే కదా సార్," అన్నారు అప్పుడు కౌంటరు దగ్గరే ఉన్న భీమారావు గారు. లక్ష్మమ్మ టీ ఇచ్చింది.

రోడ్డెక్కాక నేను అన్నాను. "మీరు నొక్కింది ఎనభై ఏడు."

"ఊళ్ళో తిరిగేదానికి తొంభై ఒకటెందుకు? అదంతా కంపెనీల మాయ."

"మాయ అయితే ఎనభై ఏడు ఫైలే పెట్టించుకోవలసింది. అచ్యుత్ ఇస్తానన్నాడు."

"నువ్వు క్లాసు మొదలుపెట్టకు సుధా. ఏమైంది ఇప్పుడు? నడుస్తోంది కదా!"

నడుస్తోంది. ఆయనకు తొంభై ఒకటి పేరు కావాలి, ఎనభై ఏడు ధర కావాలి. ఈ రెండిటి మధ్య ఉన్న తేడాను ఎవరో ఒకరు భరించాలి కదా అన్న ఆలోచన, జీవితమంతా భారాల లెక్కలు కట్టిన ఆ బుర్రలోకి రాలేదు.

జూలైలో సంఘం పిక్నిక్ హ్యూరాన్ సరస్సు ఒడ్డున పెట్టుకున్నారు. గుడారాలు, గ్యాస్ పొయ్యిలు, వంటపాత్రలు, అందరికీ సరిపడా పులిహోర, వంకాయ కూర, పెరుగన్నం ఒక ట్రైలరులో ఎక్కించి మా ట్రక్కుకు తగిలించారు. పొద్దున్నే బంకు దగ్గర ఆగి ట్యాంకు నింపారు. ఎడమ చివరి మీట.

"ఇవాళ బరువు లాగుతున్నారు," అన్నాను అద్దం దించి. "ఇవాళైనా తొంభై ఒకటి పోయించండి."

"ష్," అన్నారు. వెనక పంపు దగ్గర డాక్టర్ యజ్ఞనారాయణ గారు కారు నింపుకుంటున్నారు. ఆయన రిటైరైన సర్జన్, మా సంఘం అధ్యక్షులు.

ఆ రోజు ఎండ విపరీతంగా కాసింది. హైవే మీద ఒక పెద్ద ఎత్తు ఎక్కుతుండగా ఇంజన్లోంచి శబ్దం మొదలైంది, రేకు డబ్బాలో గవ్వలు పోసి ఆడించినట్టు.

"మెల్లగా పోనివ్వండి. ఇంజను లోపల కొట్టుకుంటోంది," అన్నాను.

"అవి ట్రైలరులో గిన్నెలు," అని ఆయన ఇంకా గట్టిగా తొక్కారు.

గిన్నెలు పొగ వదలవు. ఎత్తు మీదికి చేరకముందే ఇంజను ఒక్కసారి దభీమని, అద్దాల్లో వెనక కార్లేవీ కనపడనంత పొగ కక్కి, చచ్చిపోయింది.

రోడ్డు పక్కన మగవాళ్ళందరూ చుట్టూ చేరారు. వంకాయ కూర ఎండలో కూర్చుంది. ఆయన అచ్యుత్‌కు ఫోన్ చేసి స్పీకరు పెట్టారు.

"మావయ్యా, లాస్ట్ టైమ్ ఏం ఫిల్ చేశారు?"

అందరూ ఆయన ముఖంలోకి చూశారు. అబద్ధం పుట్టే క్షణాన్ని అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. అది ఆలోచనలోంచి రాలేదు. తుమ్ము వచ్చినట్టు వచ్చింది.

"ప్రీమియమే. భీమారావు దగ్గర."

"షూరా?"

"నేను అబద్ధం చెబుతానుట్రా?"

"అయితే మరి ఫ్యూయెల్‌లోనే ఏదో ఉండాలి. వాటర్ కలిసిందో, ప్రీమియం అని రెగ్యులర్ అమ్ముతున్నాడో..."

యజ్ఞనారాయణ గారు తల పంకించారు. "నాకెప్పటినుంచో అనుమానమే. లేకపోతే ఆ టీ ఊరికే ఎందుకు పోస్తాడు?"

నలుగురు నవ్వారు. ఆ టీ అందరికన్నా ఎక్కువసార్లు తాగినది ఈ డాక్టరుగారే.

"ఆ పంపుకు మూడు మీటలున్నాయి," అన్నాను నేను. "ఈయన నొక్కింది తొంభై ఒకటి కాదు. నేను పక్కనే ఉన్నాను."

నా భర్త ఎంతో లాలనగా అన్నారు: "సుధకి ఎండదెబ్బ తగిలినట్టుంది. ఎవరైనా కాస్త ఏసీ కార్లో కూర్చోబెట్టండమ్మా."

కూర్చోబెట్టారు. ఇద్దరు ఆడవాళ్ళు చెరో పక్కా పట్టుకున్నారు. ఒకరు తడిరుమాలు నుదుటి మీద వేశారు. యజ్ఞనారాయణ గారు స్వయంగా వచ్చి నాడి చూశారు.

"కొంచెం వేగంగా ఉందమ్మా."

"కోపంగా ఉన్న మనిషికి అలాగే ఉంటుంది డాక్టరుగారూ."

"అదే, అదే. కాస్త నీళ్ళు తాగండి."

సాయంత్రానికి వాట్సాప్ గ్రూపు నిండిపోయింది. మా కారు మైలేజీ కూడా తగ్గిందని ఒకరు, మా అబ్బాయి ఎప్పుడో చెప్పాడని ఒకరు, మనవాళ్ళే మనవాళ్ళను మోసం చేస్తే ఇంక ఎవరికి చెప్పుకోవాలని ఇంకొకరు. మర్నాడు అచ్యుత్ వచ్చి, ట్రక్కును డీలరు దగ్గరికి చేర్చేముందు పాత ప్రోగ్రామును మళ్ళీ ఎక్కించాడు. వారంటీ వాళ్ళకు తెలియకూడదట.

"మీ మావయ్య పోయించింది ఎనభై ఏడు," అని అతనితో చెప్పాను.

అతను తలెత్తలేదు. "ఐ నో, అత్తయ్యా. ఇంజను డేటా లాగ్ చూశాను. క్లియర్‌గా ఉంది."

"మరి?"

"మావయ్యతో ఎవరు చెప్తారు? ఆయన పెద్దవాడు. లీవ్ ఇట్, ప్లీజ్."

డీలరు దగ్గర వాళ్ళు మాత్రం వదల్లేదు. ప్రోగ్రాము ఎన్నిసార్లు మార్చినదీ ఆ కంప్యూటరే గుర్తు పెట్టుకుంటుందట. వారంటీ రాదన్నారు. మా ఆయన కొత్త ఇంజను సొంత డబ్బుతో వేయించుకున్నారు. ఆ కోపం కూడా భీమారావు గారి ఖాతాలోనే పడింది.

ఆగస్టులో ఒక ఆదివారం మధ్యాహ్నం భీమారావు గారు మా ఇంటికి వచ్చారు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, చేతిలో మామిడిపళ్ళ పెట్టె. తప్పు చేసినవాళ్ళు వచ్చినట్టు వచ్చారు. సోఫా అంచు మీద కూర్చుని, పెట్టె ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళోనే పెట్టుకున్నారు.

"మనవాళ్ళెవరూ రావట్లేదు సార్. అదలా ఉంచండి, మన డాక్టరుగారి మాట విని బ్యాంకు దగ్గర కూడా ఎవరో నాది కల్తీ పెట్రోలని అన్నారట. లోను రెన్యూవల్ ఉంది నాకు. మీరొక్క మాట గ్రూపులో పెడితే..."

"నేనేం పెట్టాలయ్యా?" అన్నారు మా ఆయన. "నా ఇంజను పోయింది. నష్టపోయింది నేను. అయినా నేను నీ పేరు ఎక్కడా ఎత్తలేదు. అడుగు కావాలంటే. జనం అనుకుంటే నేనేం చెయ్యను?" అని నా వైపు తిరిగారు. "సుధా, నువ్వు చెప్పు. కెమిస్ట్రీ చదువుకున్నదానివి. పెట్రోల్లో నీళ్ళు చేరితే ఇంజను పోతుందా, పోదా?"

నన్ను సాక్ష్యానికి పిలిచారు. అదీ ఆ మనిషి ముందు. నేను మంచినీళ్ళ గ్లాసు భీమారావు గారికి అందించి చెప్పాను:

"నీళ్ళ ప్రసక్తి లేదు భీమారావు గారూ. ఆ రోజు ఈయన ఎనభై ఏడు నొక్కారు. అంతకుముందు కూడా అదే నొక్కేవారు."

భీమారావు గారు ఆశ్చర్యపోలేదు. గ్లాసులోకి చూస్తూ, "తెలుసు మేడమ్," అన్నారు.

"తెలుసా?"

"ఏది నొక్కితే అది లోపల స్క్రీన్ మీద పడుతుంది కదా. లక్ష్మి కూడా చూస్తుంది. సార్ పెద్దవారు. పదిమంది ముందు ప్రీమియం అని చెప్పుకుంటుంటే, కాదని నేనంటానా?"

నా భర్త ముఖంలో సిగ్గు కోసం వెతికాను. నలభై ఏళ్ళ కాపురం మీద గౌరవం కొద్దీ, చాలాసేపే వెతికాను. అక్కడ ఉన్నది చిరాకు.

"సరేనయ్యా, పెడతాలే," అన్నారు.

భీమారావు గారు లేచి దణ్ణం పెట్టారు. మామిడిపళ్ళు వదిలేసి వెళ్ళారు. ఆయన మెట్లు దిగకముందే మా ఆయన ఒక పండు తీసి వాసన చూసి, "మంచి రకం," అన్నారు.

ఆ సాయంత్రం ఆయన గ్రూపులో పెట్టిన మాటలు ఇవి: "మిత్రులకు నమస్కారం. మా ట్రక్కు విషయంలో తలెత్తిన ఇంధన సమస్య ఇరుపక్షాల సహకారంతో సామరస్యంగా పరిష్కారమైంది. ఇంతటితో ఈ చర్చను ముగించవలసిందిగా మనవి." చివర జోడించిన చేతుల బొమ్మ.

నేను చాలామంది విద్యార్థుల జవాబు పత్రాలు దిద్దాను. ఇంత శుభ్రమైన భాషలో ఇంత మురికి నేనెన్నడూ చూడలేదు. సమస్య 'తలెత్తింది'. ఎవరూ ఎత్తలేదు. 'ఇరుపక్షాలు' అట. క్షమించడానికి తనకు హక్కున్నట్టు రాసుకున్నారు. కింద అభినందనలు వరుసకట్టాయి.

నేను మూడు వాక్యాలు రాశాను. పిక్నిక్ నాడు మా ట్రక్కులో పోసినది ప్రీమియం కాదు. రెగ్యులర్. భీమారావు గారి పెట్రోలులో ఏ దోషమూ లేదు. నా టీ చల్లారకముందే ఆ సందేశం మాయమైంది. వెంటనే యజ్ఞనారాయణ గారి ఫోను.

"సుధామయి గారూ, భార్యాభర్తల విషయాలు గ్రూపులో ఎందుకమ్మా? సంఘం పరువు కూడా చూడాలి కదా."

"భీమారావు గారి పరువు మాటేమిటి?"

"ఆయనేమీ అనుకోలేదట. విశ్వం చెప్పాడు."

ఆ వేసవిలో నాకు అన్నిటికన్నా రోత పుట్టించినది అదే. అచ్యుత్‌కు తెలుసు. భీమారావు గారికి తెలుసు. డాక్టరుగారికి ఇప్పుడు తెలుసు. నిజం తెలియనివాళ్ళు ఎవరూ లేరు. దాన్ని పైకి అనడమే మర్యాద కాదు.

మా సంఘంలో ప్రతి ఏడూ వినాయక చవితినాడు వ్రతకథ చదివేది నేను. తెలుగు తప్పుల్లేకుండా చదవగలిగినవాళ్ళు ఇంకెవరూ లేరని ఆ పని నాకు వదిలేశారు. చవితి కథ అంటే నీలాపనిందల కథ. చెయ్యని దొంగతనం ఒకరి మీద ఎలా పడింది, అది ఎలా తొలగింది అన్నదే దాని సారం. కథ నడుస్తున్నంతసేపు అందరూ గుప్పిట్లో అక్షతలు పట్టుకుని కూర్చుంటారు. కథ ముగిశాక వాటిని తలమీద వేసుకోవాలి. అక్షతలు చేతిలో ఉండగా ఎవరూ లేవరు, ఫోను ముట్టరు, మాట్లాడరు. మా వాళ్ళను కదలకుండా కూర్చోబెట్టగలిగే మార్గం అదొక్కటే.

ఆ సెప్టెంబరులో హాలు నిండిపోయింది. ఎప్పుడూ ఉండ్రాళ్ళు చేసి తెచ్చే లక్ష్మమ్మ రాలేదు. ప్లాస్టిక్ డబ్బాల్లో దుకాణపు ఉండ్రాళ్ళు వచ్చాయి. నేను కథ మొత్తం చదివాను. చివరి వాక్యం అయ్యాక చేతులు పైకి లేస్తుంటే, "ఇంకొంచెం ఉంది," అన్నాను. చేతులు మళ్ళీ ఒళ్ళోకి దిగాయి.

కథ చదివిన గొంతుతోనే చెప్పాను. ఏ ఏడు, ఏ దారి, ఏ బంకు, ఏ మీట. నొక్కిన చెయ్యి ఎవరిది, నింద మోసినది ఎవరు. పేర్లతో సహా. టీ తాగినవాళ్ళు అన్న మాట కూడా వదల్లేదు. ముందు వరసలో పట్టుపంచెతో కూర్చున్న నా భర్త వినాయకుణ్ణి చూస్తున్నారు. ఎవరి గుప్పిట్లోంచీ ఒక్క గింజ రాలలేదు.

"ఇప్పుడు వేసుకోండి," అన్నాను.

అందరూ వేసుకున్నారు. ఆయనా వేసుకున్నారు.

"హారతి, హారతి," అన్నారు యజ్ఞనారాయణ గారు. గంట మోగింది.

భోజనాల దగ్గర రిషిత అనే అమ్మాయి ప్లేటుతో నా దగ్గరికి వచ్చింది. "సూపర్ ఆంటీ! పాత కథని ఇప్పటికి అప్లై చేసి చెప్పారు. మా పిల్లలకి బాగా కనెక్ట్ అయింది." ఆ వెనకే ఒకాయన, "విశ్వనాథం గారూ, ఇవాళ మీకు ఇంట్లో భోజనం లేదు!" అన్నారు. మా ఆయన నవ్వుతూ పులిహోర వడ్డించుకున్నారు. నేను చెప్పినదంతా, ముసలి దంపతుల సరసంగా అక్కడే జీర్ణమైపోయింది.

ఆ తరువాత నేను ఆ ట్రక్కు ఎక్కలేదు. ఇంట్లో అవసరమైన మాటలు మాట్లాడుకుంటాం. కొత్త ఇంజన్లో ఇప్పుడు ఉన్నది కంపెనీ ప్రోగ్రామే. దానికి ఎనభై ఏడు చాలు. కంపెనీ పుస్తకంలోనే అలా రాసి ఉంది. తొంభై ఒకటి పోస్తే ఆ ఇంజనుకు వీసమెత్తు లాభం లేదు. అయినా ఆయన ఊరి నడుమ, మనవాళ్ళందరూ ఇప్పుడు వెళ్ళే పెద్ద బంకులో, నలుగురూ చూస్తుండగా, కుడి చివరి మీట నొక్కి ప్రీమియం పోయిస్తున్నారట. అచ్యుత్ చెప్పాడు. చెప్పి, నవ్వాడు.

అక్టోబరులో నా చిన్నకారు వేసుకుని ఫెర్గస్ దారిలోని బంకుకు వెళ్ళాను. పంపుల దగ్గర ఎవరూ లేరు. భీమారావు గారు మళ్ళీ ఫ్యాక్టరీలో షిఫ్టులకు వెళ్తున్నారని తరువాత తెలిసింది. ఎనభై ఏడు నొక్కి, ట్యాంకు నింపుకుని, పంపు దగ్గరే కార్డుతో డబ్బు కట్టగలిగినా లోపలికి వెళ్ళాను.

లక్ష్మమ్మ కౌంటరు వెనక ఉంది. ఫ్లాస్కు ఆమె పక్కనే ఉంది. మూత కొంచెం వదులుగా ఉండి, అల్లం వాసన వస్తోంది.

"మూడో పంపు," అన్నాను.

ఆమె స్క్రీన్ వైపు చూసింది. "రెగ్యులర్," అంది.

"అవును. రెగ్యులర్."

డబ్బు తీసుకుంది. చిల్లర లెక్కపెట్టి నా చేతికి తగలకుండా కౌంటరు మీద పెట్టింది. "రసీదు కావాలా అండీ?" అంది. అంతకుముందు నన్ను ఎప్పుడూ 'అమ్మా' అనేది.

"వద్దు," అన్నాను.

ఒక్క క్షణం నిలబడ్డాను. ఆమె ఫ్లాస్కు మూత గట్టిగా బిగించి, దాన్ని కౌంటరు కింద పెట్టింది.

ఆమె చేసినది సరైన పని. నేను కారెక్కి ఇంటికి వచ్చాను.